ధర్మకర్తయా, గుమాస్తాయా? ఎడ్మండు బర్కు జీవితము

గ్రామస్థులు దేవాలయమునకు ధర్మకర్త నేర్పరచుకొందురు. వర్తకుడు తన కొట్టునకు గుమాస్తాను నియమించుకొనును. ఈ యిరువురును పరుల సొమ్మునే చూచుచుందురు. అయినను వీరి స్థితి యొకటి కాదు. గుమాస్తా యజమాని చెప్పినట్లు వ్రాయవలెను, చెప్పనిది చేయరాదు. ధర్మకర్త యన్ననో దేవుని సొత్తును తన బుద్ధితో కాపాడవలెను. ఊరిపెద్దలు నలుగురు చేరి దేవుని మాన్యమును తమకు తక్కువ కౌలున కిమ్మని కోరినను ఇయ్యరాదు. అయితే సంవత్సరాంతమున లెక్క చూపవలసినవాడు గుమాస్తా యొక్కడే కాదు, ధర్మకర్తయును చూపవలెను. మనము వోటు వేసి శాసనసభకు పంపువాడు ఈ యిరువురిలో నెవడు? మనకు తెలియని శాస్త్రవిషయములలో మన తరఫున నిర్ణయము చేయు నిపుణుడు ఎవడు? వారిని నమ్మి యూరకుండుట ప్రజల ధర్మమా? నమ్మక అడుగడుగున అడ్డుపడుట ధర్మమా?

ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు. ఇన్నూటయేబది సంవత్సరముల క్రిందట ఇంగ్లండులోని బ్రిస్టలు పట్టణమున ఒక మనుష్యుడు, తనకు వోటు వేసినవారి యెదుటనే నిలువబడి, వీనిలో మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పెను. రాజనీతిశాస్త్రము చదువు విద్యార్థులకు ఆ యుపన్యాసము నేటికిని పాఠముగా నున్నది. కాని ఆయన జీవితములో అది ఒక యధ్యాయము మాత్రమే. ఆరేండ్ల పిమ్మట ఆ పట్టణపు వోటరులే ఆయనను సాగనంపిరి. తరువాతి పదునైదేండ్లలో ఎక్కువభాగము, మన చెన్నపట్టణమునందును కలకత్తాయందును అధికారము చేసినవారిని లెక్క యడుగుటకు ఆయన వ్యయపరచెను. ఈ రెండు భాగములను కలిపి చదివినగాని ఎడ్మండు బర్కు జీవితమునుండి నేర్చుకొనదగినదేమో బోధపడదు.

బర్కు 1729వ సంవత్సరమున ఐర్లండులోని డబ్లిను నగరమున జన్మించెనని సామాన్యముగా చెప్పుదురు. తండ్రి ప్రొటెస్టెంటు మతమునకు చెందిన న్యాయవాది. తల్లి రోమను కాథలిక్కు. ఆ కాలమున ఐర్లండులో కాథలిక్కులే అధిక సంఖ్యాకులు. అయినను వారికి వోటు లేదు, శాసనసభలో స్థానము లేదు, ప్రభుత్వోద్యోగము లేదు. తల్లి బంధువుల యిండ్లలో ఆ అన్యాయమును బాలుడు కన్నులార చూచెను. పిమ్మట బాలిటోరు గ్రామమున క్వేకరు మతస్థుడొకడు నడపుచుండిన పాఠశాలలో చదివెను. మూడు మతముల నీడలో పెరిగిన ఆ బాలునకు పరమత సహనము పుస్తకముల వలన కాక యనుభవము వలన అలవడెను.

డబ్లినులోని ట్రినిటీ కళాశాలలో పట్టము పొంది, 1750లో న్యాయశాస్త్రము చదువుటకు లండను చేరెను. ఆ చదువు ఆయనకు రుచింపలేదు. తండ్రికి కోపము వచ్చునట్లు దానిని విడిచి గ్రంథరచనకు పూనుకొనెను. 1757లో సౌందర్యమును, ఉదాత్తతను గూర్చి ఆయన ప్రకటించిన గ్రంథము పండితుల మన్నన నందెను. ఆ సంవత్సరమే వివాహమయ్యెను. మరుసటి యేడు, ప్రతి సంవత్సరమునందును ప్రపంచమున జరిగిన విశేషములను క్రోడీకరించి ప్రకటించు సాంవత్సరిక సంపుటమునకు సంపాదకత్వము వహించెను. వార్తలను సేకరించుట, కాగితములను సరిచూచుట, అంకెలను పోల్చుట అను అలవాట్లు ఆయనకు ఈ పనిలో నేర్పడెను. ఆయన వక్తృత్వమును పొగడువారు ఈ గుమాస్తా చాకిరీని మరచుచుందురు. రాబోవు కాలమున కంపెనీవారిని గడగడలాడించినది వాక్చాతుర్యము కన్న ఈ అలవాటే.

1765లో రాకింగ్‌హాం ప్రభువు ప్రధానమంత్రి కాగా, బర్కు ఆయనకు ఆంతరంగిక కార్యదర్శి యయ్యెను. ఆ సంవత్సరాంతమున వెండోవరు అను చిన్న నియోజకవర్గమునుండి కామన్సు సభలో ప్రవేశించెను. ఆ స్థానము ఒక ప్రభువు చేతిలోనిది. ఆయన వ్రేలు చూపినవాడే సభ్యుడు. అటువంటి చోట ప్రతినిధి యెవరికి జవాబు చెప్పవలెనను ప్రశ్నయే పుట్టదు. తొమ్మిదేండ్లు బర్కు ఆ స్థానమున నుండి, అమెరికా వలసలపై పన్ను వేయుట తగదని వాదించి సభలో పేరు సంపాదించెను. 1770లో ప్రకటించిన గ్రంథమున, రాజానుగ్రహమునకై ప్రాకులాడు ముఠాలకును, ఒక సిద్ధాంతమునకు కట్టుబడి పనిచేయు రాజకీయ పక్షమునకును గల భేదమును వివరించెను.

1774లో ఎన్నికలు వచ్చినపుడు బ్రిస్టలు వర్తకులు కొందరు తమ పట్టణమునకు అభ్యర్థిగా రమ్మని ఆయనను పిలిచిరి. బ్రిస్టలు ఆ దినములలో దేశమునందలి గొప్ప రేవులలో నొకటి. అమెరికాతో వర్తకమే దాని ప్రాణము. కనుక అమెరికాతో సంధి కోరు బర్కు వారికి కావలసివచ్చెను. సుమారు ఐదువేలమంది వోటరులు గల నియోజకవర్గ మన్న ఆ కాలమున అపురూపమే. వోటింగు నెలదినములకు దగ్గరగా సాగెను. రెండు స్థానములలో ఒకటి న్యూయార్కున పుట్టిన వర్తకుడు హెన్రీ క్రూగరునకును, రెండవది బర్కునకును లభించెను.

1774 నవంబరు 3వ తేదీన ఫలితము ప్రకటింపబడెను. మొదట మాటలాడిన క్రూగరు, వోటరుల యాదేశములకు తాను బద్ధుడ నని ఒప్పుకొనెను. జనుల కంతకన్న సంతోషకరమగు మాట యుండదు. పిదప లేచిన బర్కు, గెలిచిన సంతోషము చల్లారకముందే, దానికి విరుద్ధమగు మాట చెప్పెను. ప్రతినిధి వోటరులతో కలసిమెలసి యుండవలెను. వారి యభిప్రాయమునకు గొప్ప విలువ నీయవలెను. తన సుఖమును వారి సుఖమునకు బలి యీయవలెను. అంతవరకు ఎవరికిని ఆక్షేపణ లేదు. కాని తన వివేకమును, తన అంతరాత్మను మాత్రము ఎవరికిని అమ్మరాదు. వారు ఎన్నుకొనినది పట్టణపు సభ్యుని కాదు, దేశమంతటి సభ్యుని. వాదప్రతివాదములు జరుగునది ఒకచోట, తీర్పు చేయువారు మూడువందల మైళ్ల యావల మరియొకచోట నున్నచో సభ యెందులకు? ఇదియే ఆ వాదము సారాంశము. అనగా తాను గుమాస్తా కాదు, ధర్మకర్త యని బర్కు వోటరులతో చెప్పెను.

ఇట్టి మాట చెప్పుట సులభము, నిలుపుకొనుట కష్టము. బర్కునకు పరీక్ష త్వరలోనే వచ్చెను. 1775 మార్చి 22వ తేదీన ఆయన అమెరికాతో సామరస్యము కోరి చేసిన ప్రసంగమును సభ త్రోసిపుచ్చెను. మరుసటి నెలలోనే యుద్ధ మారంభమయ్యెను. యుద్ధము ముదిరినకొలది ప్రజలలో దేశాభిమానపు వేడి హెచ్చి, అమెరికా పక్షమున మాటలాడువాడు దేశద్రోహిగా కనబడజొచ్చెను.

అంతట 1778లో ఐర్లండు వర్తకముపై గల నిర్బంధములను సడలించు ప్రతిపాదన సభకు వచ్చెను. ఐరిషు సరుకులు స్వేచ్ఛగా పోవుచో తమ కొట్లు మూతపడునని బ్రిస్టలు వర్తకులు భయపడి, ఎదిరింపుమని తమ సభ్యునకు వ్రాసిరి. బర్కు ఎదిరింపలేదు. ఒకరి శ్రేయస్సు మరియొకరి నాశనము కాదనియు, ఐర్లండు బాగుపడినచో బ్రిస్టలునకును లాభమే యనియు, ఓపికతో వారికి దీర్ఘమైన లేఖలు వ్రాసెను. ఆయన ఐర్లండువాడు గనుక స్వదేశ పక్షపాతమని వారు తలచిరి. ఆ సంవత్సరమే కాథలిక్కులపై గల క్రూరశాసనములను కొంత సడలించు చట్టమును ఆయన బలపరచెను. తల్లి మతమువారిపై అభిమానమని జనులు గుసగుసలాడిరి. బాకీదారులను నిరవధికముగా చెరలో పెట్టించు అధికారమును తగ్గించు ప్రతిపాదనను సమర్థించెను. బాకీలు రావలసిన వర్తకులకు అదియును కంటకమయ్యెను. 1780 జూనులో లండనున కాథలిక్కులకు వ్యతిరేకముగా అల్లరిమూకలు ఇండ్లు తగులబెట్టినపుడు బర్కు గృహమునకు సైనికులను కాపలా యుంచవలసివచ్చెను.

ఆ సెప్టెంబరులో ఎన్నికలు వచ్చెను. బర్కు బ్రిస్టలునకు వచ్చి, తనపై మోపబడిన నేరముల నొక్కొక్కదానిని తానే చదివి, ఒక్కొక్కదానికి సంజాయిషీ చెప్పెను. తాను చేసినవానిలో నొక్కదానికిని క్షమాపణ కోరలేదు. ఆరేండ్లలో పట్టణమునకు అరుదుగా వచ్చుటను గూర్చి మాత్రము, సభలోని పని యొత్తిడిచే రాలేకపోతినని విన్నవించుకొనెను. కొలది దినములు వోటరుల నాడిని చూచి, గెలుపు కల్ల యని గ్రహించి, పోటీనుండి విరమించుకొనెను. ఐర్లండు వర్తకము విషయమునను, మతసహనము విషయమునను, అమెరికా విషయమునను ఆయన చెప్పినదే సరియని తరువాతి తరములవా రంగీకరించిరి. కాని ఆనాడు ఆయనకు స్థానము పోయెను.

ఈ కథను చెప్పువారిలో పెక్కుమంది ఇచట బర్కును వీరుని చేసి, బ్రిస్టలువారిని మూర్ఖులుగా చిత్రింతురు. అది సరిగాదు. బర్కు తన వివేకమునకు స్వాతంత్ర్య మడిగెను. ఆరేండ్లు అది ఆయనకు లభించెను. ఆ కాలములో ఏ వోటరును ఆయన చేయి పట్టి ఆపలేదు. గడువు తీరగనే లెక్క చూపుమనిరి, ఆయన చూపెను, వారికి నచ్చలేదు. ధర్మకర్తకు ఎంత స్వాతంత్ర్యము కలదో, ఆతనిని మార్చు హక్కు ఊరివారి కంత కలదు. ఒకటి లేక రెండవది నిలువదు. బర్కు సిద్ధాంతములో సగము 1774లో ఆయన ముఖమున వినబడెను. తక్కిన సగము 1780లో వోటరుల చేతలలో కనబడెను. అటుపిమ్మట ఆయన కామన్సు సభలో నున్నంతకాలమును మాల్టను అను మరియొక చేతిలో స్థానమునుండియే కూర్చుండెను. అచట ఆయనను దింపగలవాడు ప్రభువేగాని ప్రజలు కారు.

1782లో రాకింగ్‌హాం మరల ప్రధాని యయ్యెను. బర్కునకు మంత్రివర్గమున స్థానము దొరకలేదు గాని సేనల జీతముల బట్వాడా కధికారిగా పదవి లభించెను. ప్రభుత్వపు ధనమును తన పేర నుంచుకొని, పదవి పోయిన తరువాత గూడ లెక్కలు తేల్చక, దానిపై వడ్డీ లాభమును అనుభవించుట ఆ పదవి వహించినవారికి అనాదిగా మామూలు. బర్కు ఆ మామూలును చట్టముచేత రద్దుచేసి, నాలుగువేల పౌనుల జీతమునకు పదవిని పరిమితము చేసెను. ఇతరులను లెక్క యడుగుటకు ముందు తన కుర్చీకి లెక్క కట్టించుట గౌరవింపదగిన పని. కాని ఆ శాఖలోనే తన కుమారునకును, బంధువుగా చూచుకొను విలియం బర్కునకును ఉద్యోగము లిప్పించుకొనెనను నింద ఆయనకు తప్పలేదు.

ఇక మన దేశపు కథ. 1781 మొదలు బర్కు, భారతదేశ వ్యవహారములను విచారించు పార్లమెంటు కమిటీలో ముఖ్యుడయ్యెను. ఆయన జన్మములో ఈ దేశమున నడుగుపెట్టలేదు. ఇచటి భాష యొక్కటియు నేర్వలేదు. ఎదుట నిలిచినవారు ఇరువదేసి సంవత్సరములు ఇచట కాపురముండి, పారసీ చదివి, జమాబందీలు చేసి, దండయాత్రలు నడపినవారు. వారి వాదమొక్కటే: తూర్పుదేశపు వ్యవహారము అచటి కెరిగినవారికే యర్థమగును; ఇంగ్లండున కూర్చున్న సభ్యులు తమ్ము నమ్మి యూరకుండవలెను. నిపుణులు ప్రజాప్రతినిధులతో పలుకు పలుకు నేటికి నిదియే. బర్కు వారి నైపుణ్యమును కాదనలేదు. వారు వ్రాసిన కాగితములనే తెప్పించుకొని చదివెను. కౌన్సిళ్ల తీర్మానములు, ఉత్తరములు, కౌళ్లు, బాకీపత్రములు, సాక్షుల వాఙ్మూలములు, దేశపటములు రేయింబవళ్లు పరిశీలించెను. శాస్త్రము వారిదే కావచ్చును. కాని సొమ్మెవరిది, ఎవరికి చేరినది, దానివలన ప్రజల కేమయినది అను ప్రశ్నలు శాస్త్రజ్ఞుల సొత్తు కావని ఆయన నిశ్చయము.

దీనికి నిదర్శనము చెన్నపట్టణము ఎదుటనే కలదు. చేపాకు భవనమున కొలువుదీరిన కర్ణాటక నవాబు మహమ్మదాలీ వాలాజా అప్పులలో మునిగియుండెను. అప్పు లిచ్చినవారు పెక్కుమంది కంపెనీ యుద్యోగులే. వారిలో పాల్ బెన్‌ఫీల్డు అనువాడు ముఖ్యుడు. అతడు 1764లో కంపెనీ కొలువున కిచటికి వచ్చి, ఇంజనీరు పని చేసి, నల్లవారి పట్టణము చుట్టును గోడ కట్టు కాంట్రాక్టు పొందెను. ఆ గోడ జ్ఞాపకము నేటికిని వాల్‌టాక్సు రోడ్డు అను పేరున నిలిచియున్నది. స్వల్పమైన జీతముగల ఈ యుద్యోగి, తంజావూరు రాజ్యపు పంటలపై తనకు రెండులక్షల పౌనులకు పైగా రావలసియున్నదని దావా తెచ్చెను. 1776లో ఆ రాజ్యమును దాని రాజునకు తిరిగి యప్పగించిన గవర్నరు పిగటు ప్రభువు ఈ బాకీల కడ్డుపడెను. ఆ యాగస్టు నెలలో సొంత కౌన్సిలువారే ఆయనను నిర్బంధించిరి. 1777 మే నెలలో ఆ నిర్బంధములోనే ఆయన మరణించెను.

1784లో ఏర్పడిన అదుపుబోర్డు, నవాబు బాకీలు సత్యమా యసత్యమా యను విచారణ చేయకయే, కర్ణాటక రాబడినుండి సాలీనా పండ్రెండులక్షల వరహాలు వానికి చెల్లింపవలసినదని యుత్తరువు చేసెను. కంపెనీ డైరెక్టరులు విచారణ కోరినను లాభము లేకపోయెను. 1785 ఫిబ్రవరి 28వ తేదీన బర్కు కామన్సు సభలో దీనిపై చేసిన ప్రసంగమును తెలుగువా డెవడును మరువరాదు. నెల్లూరు, ఒంగోలు, పలనాడు సీమలు అప్పటికి నవాబు రాజ్యములోనివే. ఆ వరహాలు లండనున పుట్టవు. ఈ సీమల రయితు చేలనుండి రావలెను. హైదరాలీ 1780లో చేసిన దండయాత్రచే కర్ణాటకము బూడిదయైన తీరును బర్కు వర్ణించెను. అంతకన్న ముఖ్యముగా చెరువులను గూర్చి చెప్పెను. ఆ దేశపు వ్యవసాయము వేలకొలది చెరువులపై నాధారపడియున్నదనియు, పూర్వులు పుట్టబోవు సంతతిని గూడ తమ బిడ్డలుగా నెంచి వానిని కట్టించిరనియు, వడ్డీవ్యాపారుల పాలనలో గట్లు తెగి అవి యెండుచున్నవనియు, పటమును ముందుంచుకొని వివరించెను. తటాకమును సప్తసంతానములలో చేర్చిన మన పెద్దల భావమును, ఈ దేశము చూడని యొక ఐరిషువాడు కాగితముల నుండియే గ్రహించెను! చెరువు కట్టుట నిపుణుని పని. చెరువు సొమ్మును వడ్డీక్రింద తినివేయుట తప్పని చెప్పుటకు నైపుణ్యము పనిలేదు.

ఆ రాత్రి సభ విచారణకు సమ్మతింపలేదు. కర్ణాటక ధనముతో బెన్‌ఫీల్డు ఆ సభలోనే సభ్యులను సంపాదించెనని బర్కు ఆరోపించెను. నిపుణుడే బాకీదారునకు షాహుకారై, షాహుకారే ప్రతినిధులకు పోషకుడైనచో, లెక్క యడుగువా డెవడు? పిమ్మట పేరుకొన్న క్రొత్త బాకీలను 1805లో ఏర్పడిన కమీషను విచారించినపుడు, కోరిన మొత్తములో అత్యల్పభాగము మాత్రమే న్యాయమైనదిగా తేలెను. విచారణ చేసినపుడు తేలిన దీ ఫలితము. చేయకయే చెల్లించినపుడు ఎంత పోయియుండునో పాఠకులే యూహింపగలరు.

బర్కు చేయి మాత్రము పూర్తిగా శుభ్రమని చెప్పలేము. విలియం బర్కు తంజావూరు రాజునకు ఏజెంటుగా పనిచేసెను. వంగదేశపు వ్యవహారములలో బర్కునకు సమాచార మిచ్చిన ఫిలిప్ ఫ్రాన్సిస్, గవర్నరు జనరలు వారన్ హేస్టింగ్సుతో ద్వంద్వయుద్ధము చేసిన పగవాడు. పగవాని నోటినుండి సత్యము రావచ్చును; కాని సత్యమంతయు రాదు. నిపుణుల పక్షపాతమును కనిపెట్టిన బర్కు, తనకు పాఠము చెప్పిన నిపుణుని పక్షపాతమును చాలినంత తూచలేదు.

హేస్టింగ్సుపై విచారణ 1788 ఫిబ్రవరిలో వెస్టుమినిస్టరు హాలున ప్రారంభమయ్యెను. బర్కు నాలుగు దినములు ప్రారంభోపన్యాసము చేసెను. తూర్పుదేశములలో నిరంకుశత్వమే వాడుక గనుక అచట పాశ్చాత్యనీతి పనిచేయదను వాదమును ఆయన ఖండించి, హిందూ మహమ్మదీయ ధర్మములందును రాజు చట్టమునకు బద్ధుడే యనియు, ధర్మము రేఖాంశములతో మారదనియు వాదించెను. మనుష్యులపై నే మనుష్యున కధికార మబ్బినను అది వారి మేలుకొరకు నుంచిన నిక్షేపము. నిక్షేపము పట్టినవాడు లెక్క చెప్పి తీరవలెను. బ్రిస్టలున తనకు తాను అన్వయించుకొనిన ధర్మమునే ఇచట కంపెనీకి అన్వయించెను. కాని ఆవేశమున హద్దులు మీరుటయు కలదు. నందకుమారుని ఉరిని గూర్చి పలికిన మాటకు 1789లో కామన్సు సభయే ఆయనను మందలించెను. విచారణ ఏడేండ్లు సాగి, 1795 ఏప్రిలు 23వ తేదీన హేస్టింగ్సు నిర్దోషి యను తీర్పుతో ముగిసెను. బర్కు ఓడెను. అయినను ఇచట పాలించువాడు ఒకనాడు అచట బోనులో నిలువవలసివచ్చు నను భయము ఆ యేడేండ్లలో పుట్టినదే.

ఆయన లోపములను దాచుట న్యాయము కాదు. వోటుహక్కును విస్తరింపజేయుటకు ఆయన కడవరకు సమ్మతింపలేదు. ప్రజల మేలు కోరు సభ యుండవలెనని కోరెను గాని, ఆ సభను ప్రజలందరును ఎన్నుకొనవలెనని కోరలేదు. బానిస వర్తకమును క్రమముగా నిర్మూలించుటకు 1780లోనే ఒక ప్రణాళిక వ్రాసియు, 1792 వరకు దానిని మంత్రుల చేతి కీయలేదు. 1790లో ఫ్రెంచి విప్లవముపై వ్రాసిన గ్రంథమున రాబోవు రక్తపాతమును ముందుగా గుర్తించిన ఆయన, దానికి కారణమైన బీదల ఆకలిని తగినంత గుర్తింపలేదు. ఆ గ్రంథము మూలముననే చిరకాల మిత్రుడగు ఫాక్సుతో 1791లో, నిండు సభలో, స్నేహము తెగిపోయెను.

1794లో బర్కు సభనుండి విరమించెను. ఆ యాగస్టులోనే ఆయన ఏకైకపుత్రుడు రిచర్డు మరణించెను. రాజు నుండి లభించిన పింఛనును ఒక ప్రభువు ఆక్షేపింపగా, 1796లో ఆయన దానికి ఘాటైన సమాధానము వ్రాసెను. వృద్ధాప్యమునందును లెక్క యడిగినవారికి లెక్క చెప్పుటయే! 1797 జూలై 9వ తేదీన బీకన్సుఫీల్డు నందలి తన గృహమున మరణించి, ఆ యూరి చర్చిలోనే కుమారుని ప్రక్కన సమాధి చేయబడెను.

ఈ జీవితము మనకు ముప్పేటగా బోధించుచున్నది. ప్రతినిధికి స్వబుద్ధి నుపయోగించు స్వేచ్ఛ యుండవలెను; లేనిచో సభ తీర్మానముల పోస్టాఫీసు మాత్రమే యగును. నిపుణునకు తన శాస్త్రమున స్వేచ్ఛ యుండవలెను. రోగి చెప్పినట్లు మందు వ్రాయు వైద్యుడు వైద్యుడు కాడు. కాని యీ రెండు స్వేచ్ఛలకును మూల్యమొక్కటే: కాగితములు తెరచి చూపుట, అడిగినపుడు సంజాయిషీ చెప్పుట, గడువు తీరినపుడు తీర్పునకు తలయొగ్గుట. నమ్మకము కన్నులు మూసికొనుట కాదు. లెక్క చూచు హక్కు చేతనుంచుకొని పని నప్పగించుట.

మన దేశమున 1985లో చేయబడిన ఏబదిరెండవ రాజ్యాంగ సవరణ, పక్షపు టాజ్ఞను మీరి వోటు వేయు సభ్యుని స్థానమునకు ముప్పు తెచ్చెను. సంతలో పశువులవలె సభ్యులను కొనుటను మాన్పుట దాని యుద్దేశము, అది మంచిదే. కాని బర్కు వోటరులకు సయిత మీయ నిరాకరించిన వివేకమును మన సభ్యుడు పక్షపు విప్పునకు అప్పగించుచున్నాడు. గుమాస్తాగిరీ పోలేదు, యజమాని మాత్రము మారెను. రెండవవైపున 2005 నాటి సమాచార హక్కు చట్టము, బర్కు పార్లమెంటు సభ్యుడై యుండియు పోరాడి పొందలేకపోయిన కాగితముల వంటివానిని సామాన్యుడు పదిరూపాయల దరఖాస్తుతో కోరుటకు వీలు కలిగించెను. మొదటిదానికి చింతించువారు రెండవదాని నుపయోగింపక యూరకుండుట తగదు.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిదప ఈ నగరమున నిలిచిపోయిన తెలుగువారికి ఈ విషయము మరింత దగ్గరిది. మన సంఖ్య స్వల్పము. పెక్కుచోట్ల మన వోటు గెలుపోటములను నిర్ణయింపదు. ఎన్నికైనవాడు తనకు వోటు వేసిన గుంపునకు గుమాస్తా మాత్రమే యయినచో, మన బడులను గూర్చి, మన భాషను గూర్చి తలచువా డుండడు. ఆతడు నియోజకవర్గమంతటికిని ధర్మకర్త యన్న భావమే మనవంటి వారికి రక్ష. కాని ఆ రక్ష అడుగనిదే రాదు. మనలో వైద్యులు, ఇంజనీరులు, న్యాయవాదులు, లెక్కల పరీక్షకులు పెక్కుమంది కలరు. మన వృత్తులలో మనలను ప్రజలు నమ్ముచున్నారు గనుక మనము వారికి సంజాయిషీ చెప్పవలసినవారము. మన ప్రతినిధులను మనము నమ్ముచున్నాము గనుక వారిని సంజాయిషీ యడుగవలసినవారము. బ్రిస్టలు వోటరులు బర్కును తప్పుగా దింపియుందురు గాక. లెక్క చూపుమని యడుగుటలో మాత్రము వారు తప్పలేదు. చూపుటలో ఆయనయు తప్పలేదు.